బుద్ధిపరీక్షలు: అవి కొలుచునదేమి?

బియ్యమును మానికతోను, వస్త్రమును గజముతోను, దేహములోని వేడిమిని జ్వరమాపకముతోను కొలుచుచున్నాము. కొలుచువాడు మాఱినను, ఊరు మాఱినను ఈ కొలతలు మాఱవు. మానెడు బియ్యము ధనవంతుని యింటను మానెడే, బీదవాని యింటను మానెడే. మనుష్యుని బుద్ధియు నిట్లు కొలువదగిన వస్తువేనా? అయినచో దానికి తగిన మానిక యేది? ఈ ప్రశ్న పండితుల వినోదమునకు మాత్రమే చెందినది కాదు. గడచిన నూఱేండ్లకు పైగా బుద్ధిపరీక్షల ఫలితములను బట్టి బాలబాలికలు తరగతులుగా విభజింపబడిరి. సైనికులకు పనులు నిర్ణయింపబడినవి. కొందఱికి సంతానము కను హక్కే తొలగింపబడినది. మఱియొకవైపున ఆ పరీక్షలలో నగ్రస్థానము పొందినవారు సంఘములుగా నేర్పడిరి. కావున నీ పరీక్షలెట్లు పుట్టినవో, ఏమి కొలుచుచున్నవో, ఏమి కొలువజాలవో విద్యార్థులు తెలిసికొనుట యావశ్యకము.

మొదట మన మాటలనే పరిశీలింతము. తెలివి యనునది మన భాషలో నొక్క మాటతో తీఱునది కాదు. విన్నదానిని నిలుపుకొనుట ధారణ. మంచిచెడ్డల నెఱుగుట వివేకము. తగిన వేళకు తగిన మాట తోచుట సమయస్ఫూర్తి. లోకముతో మెలగ నేర్చుట లౌక్యము. క్రొత్తదానిని కల్పింపగలుగుట ప్రతిభ. ధారణాశక్తి గల బుద్ధికి అమరకోశము మేధ యని ప్రత్యేకముగా పేరిడినది. వీనిలో నొకటి మెండుగా నుండి మఱియొకటి కొఱతపడినవారిని మనము ప్రతిదినమును చూచుచునే యున్నాము. ఇన్ని విధములైన శక్తులను ఒక్క సంఖ్యలో నిముడ్చుట సాధ్యమా యను సందేహమును మనసున నుంచుకొని ముందునకు పోవుదము.

1. మొదటి ప్రయత్నములు

1884వ సంవత్సరమున లండను నగరములో జరిగిన ఆరోగ్య ప్రదర్శనమునందు ఫ్రాన్సిస్ గాల్టన్ అను శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగశాలను నెలకొల్పెను. మూడు పెన్నీలు చెల్లించినవారికి చూపు, వినికిడి, పిడికిలి బలము మొదలగునవి కొలిచి యిచ్చెడివారు. ఇంద్రియములు చుఱుకైనవానికి బుద్ధియు చుఱుకుగా నుండునని గాల్టన్ తలంచెను. అమెరికాలో కాటెల్ అను ఆచార్యుడు 1890లో నిట్టి కొలతలకే మానసిక పరీక్షలని పేరిడెను. కాని 1901లో క్లార్క్ విస్లర్ అను నాతడు కొలంబియా కళాశాల విద్యార్థుల కొలతలను వారి మార్కులతో పోల్చి చూడగా, రెండింటికిని సంబంధము దాదాపు శూన్యమని తేలెను. పిడికిలి గట్టిగా బిగింపగలవాడు పాఠమును బాగుగా గ్రహింపగలవాడని చెప్పుటకు వీలు లేకపోయెను. ఈ మార్గ మంతటితో మూసికొనిపోయెను.

2. బినే పండితుని యుద్దేశము

రెండవ మార్గమును చూపినవాడు ఫ్రెంచి పండితుడగు ఆల్ఫ్రెడ్ బినే (1857–1911). ఫ్రాంసు దేశమున నిర్బంధ విద్య యమలులోనికి వచ్చిన పిదప, సామాన్య తరగతులలో పాఠములనందుకొనలేని పిల్లలను గుర్తించి వారికి ప్రత్యేక బోధన యేర్పఱచుటకై ప్రభుత్వము 1904లో నొక సంఘమును నియమించెను. బినే దానిలో సభ్యుడు. ఉపాధ్యాయుని యిష్టానిష్టములపై పిల్లవాని భవిష్యత్తు నాధారపడనీయరాదని ఆయన భావించెను. అల్లరివానిని మందబుద్ధి యనియు, నెమ్మదిగల మందబుద్ధిని మంచివాడనియు పొరబడుట సులభము గదా.

అందుచే బినే, వైద్యుడగు తియోడోర్ సిమోనుతో కలిసి, 1905లో ముప్పది యంశములుగల పరీక్షను సిద్ధపఱచెను. వెలుగుచున్న అగ్గిపుల్లను కన్నులతో ననుసరించుట మొదటిది. పిమ్మట బొమ్మలోని వస్తువులకు పేర్లు చెప్పుట, విన్న యంకెలను తిరిగి చెప్పుట, రెండు గీతలలో పెద్దది చూపుట, తుదకు అర్థము దగ్గఱగా నున్న భావవాచకముల భేదమును చెప్పుట మొదలగునవి క్రమముగా కఠినమగుచు వచ్చును. 1908లో ఈ యంశములను వయస్సుల వారీగా నమర్చెను. ఏడేండ్లవారిలో ననేకులు చేయగల పని యేడేండ్ల మెట్టు. పిల్లవాడు ఏ మెట్టువఱకు ఎక్కగలడో అది యతని మానసిక వయస్సు.

ఇచట నొక విషయమును విద్యార్థులు దృఢముగా జ్ఞాపకముంచుకొనవలయును. ఈ సంఖ్య పిల్లవాని యిప్పటి స్థితిని మాత్రమే తెలుపుననియు, పుట్టుకతో వచ్చి యెన్నటికిని మాఱని గుణమును తెలుపదనియు బినే భావము. బుద్ధి పెరుగదను వాదమును 1909లో ప్రకటించిన గ్రంథమున నాతడు తీవ్రముగా ఖండించెను. వెనుకబడిన పిల్లల అవధానమును బలపఱచుటకై కొన్ని యభ్యాసములను కూడ సూచించెను. ఉపాధ్యాయుడు సంజ్ఞ చేయగానే పిల్లలందఱు నున్నవారున్నట్లు ప్రతిమలవలె కదలక నిలుచుట వానిలో నొకటి. దేహమునకు వ్యాయామమెట్టిదో బుద్ధికి నిట్టి యభ్యాసమట్టిదని యాతని యాశయము. పరీక్ష సహాయము చేయుటకు గాని, ముద్ర వేయుటకు కాదు.

3. ప్రజ్ఞాలబ్ధి యను లెక్క

మానసిక వయస్సును అసలు వయస్సుతో భాగింపవలెనని 1912లో జర్మను పండితుడు విలియం స్టెర్న్ సూచించెను. ఆ భాగఫలమును 100తో హెచ్చించు పద్ధతిని 1916లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునందలి లూయిస్ టెర్మన్ వ్యాప్తిలోనికి తెచ్చెను. ఆంగ్లమున ఐక్యూ యనబడునదియు, మన గ్రంథములలో ప్రజ్ఞాలబ్ధి యనబడునదియు నిదియే. ఉదాహరణమునకు, పదియేండ్ల బాలుడు పండ్రెండేండ్ల మెట్టు వఱకు ఎక్కినచో 12ను 10తో భాగించి 100తో హెచ్చింపగా 120 వచ్చును. ఎనిమిదేండ్ల బాలుడు ఆఱేండ్ల మెట్టున నిలిచిపోయినచో 75 వచ్చును.

ఈ లెక్క పెద్దవారి విషయమున పొసగదు. నలువది యేండ్ల గృహస్థునకు అఱువది యేండ్ల బుద్ధి కలదనుటకు అర్థమేమి? కావున 1939లో డేవిడ్ వెక్స్‌లర్ వేఱొక పద్ధతిని చేపట్టెను. ప్రతివానిని తన యీడువారితోనే పోల్చి, ఆ యీడువారి సగటును 100గా నిర్ణయింతురు. సగటునుండి దూరమును కొలుచు ప్రమాణము 15. నూఱుమందిలో సుమారు 68 మంది 85కును 115కును నడుమ నుందురు. 130ని దాటువారు నూటికి ఇద్దఱికి కొంచెమెక్కువ.

దీనినిబట్టి యొక ముఖ్యాంశము తేలుచున్నది. ప్రజ్ఞాలబ్ధి యనునది సేర్లవలె, గజములవలె పరిమాణము కాదు. వరుసలో స్థానము మాత్రమే. 140 గలవాడు 70 గలవానికంటె రెండింతలు తెలివిగలవాడని చెప్పరాదు. తరగతిలో మొదటివాడు రెండవవానికంటె రెండింతలు చదివినవాడు కాడు గదా. మఱియు నొకే మనుష్యుడు వేర్వేఱు దినములలో పరీక్షింపబడినపుడు కొన్ని యంకెల తేడా వచ్చుట సహజము. ఆ సంఖ్యను శిలాశాసనమువలె చూచుట తగదు.

4. కొలబద్ద కత్తిగా మాఱుట

సహాయముకొఱకు పుట్టిన పరీక్ష సముద్రమును దాటి వేఱు రూపమును దాల్చెను. హెన్రీ గొడార్డ్ 1908లో దానిని అమెరికాకు తెచ్చి ఆంగ్లమున ప్రచురించెను. బుద్ధి పుట్టుకతోనే నిర్ణయమగునని యతని మతము. అతని సహాయకులు న్యూయార్కు రేవునందలి ఎల్లిస్ ద్వీపమున 1913లో వలసవచ్చినవారిని పరీక్షించిరి. యూదులు, హంగేరీయులు, ఇటాలియనులు మొదలగువారిలో పరీక్షింపబడినవారిలో నూటికి సుమారు 80 మంది మందబుద్ధులని 1917లో నతడు ప్రకటించెను. దినముల తరబడి ఓడలో క్రిక్కిఱిసి ప్రయాణము చేసి, భాషరాని దేశమున భయముతో నడుగిడిన బీదలు కాగితము, కలము చేతికిచ్చినపుడు తడబడుటలో వింతయేమున్నది? తన వాదములో చాల భాగమును గొడార్డే 1928లో విడిచిపెట్టెను.

మొదటి ప్రపంచయుద్ధకాలమున రాబర్ట్ యర్క్స్ నాయకత్వమున 1917–18లో సుమారు పదునేడు లక్షల మంది అమెరికా సైనికులు పరీక్షింపబడిరి. అక్షరాస్యులకు ఆల్ఫా, నిరక్షరాస్యులకు బీటా యని రెండు పరీక్షలుండెను. ఆల్ఫా ప్రశ్నలలో నొక వంటక్రొవ్వు పేరు చెప్పి యది మందా, దంతచూర్ణమా, ఆహారమా యని యడిగిరి. ఒక బేస్‌బాలు ఆటగాని పేరు చెప్పి అతడు దేనియందు ప్రసిద్ధుడని యడిగిరి. బీటాలో వల లేని టెన్నిసు మైదానము బొమ్మను చూపి, లోపించినదానిని గీయుమనిరి. టెన్నిసునే చూడని పొలము కూలి దానికేమి సమాధానము చెప్పగలడు? అట్టివాడు తెలివిలేనివాడని లెక్కకు వచ్చెను. కార్ల్ బ్రిగమ్ ఈ ఫలితములనాధారము చేసికొని 1923లో గ్రంథము వ్రాసి, ఉత్తర ఐరోపా జాతులే శ్రేష్ఠమని వాదించెను. మఱుసటి యేడు అమెరికా వలసలను మిక్కిలి తగ్గించు శాసనమును చేసినది. తన నిర్ణయములకు ఆధారము లేదని బ్రిగమ్ 1930లో నొప్పుకొనెను. అప్పటికి శాసనమమలులో నుండెను.

అంతకంటె శోచనీయమైనది వర్జీనియా రాష్ట్రములోని కారీ బక్ కథ. అన్యాయమునకు గుఱియై గర్భవతియైన ఈ యువతిని 1924లో మందబుద్ధుల యాశ్రమమున చేర్చిరి. స్టాన్‌ఫర్డ్–బినే పరీక్షలో నామె మానసిక వయస్సు తొమ్మిదేండ్లని తేల్చిరి. ఆమె తల్లికి ఎనిమిదేండ్లకు లోపని తేల్చిరి. నెలల శిశువగు బిడ్డ కూడ సరిగా లేదని సాక్ష్యము చెప్పించిరి. ఆమెకు సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయవచ్చునని అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 1927లో తీర్పు చెప్పెను, చికిత్స జరిగెను. పిమ్మట నేమయ్యెను? మందబుద్ధి యనబడిన యా బిడ్డ పాఠశాలలో చేరి 1931లో గౌరవపట్టికలో పేరు సంపాదించి, ఎనిమిదవయేట 1932లో జబ్బుచే మరణించెను. కారీ బక్ 1983వఱకు జీవించెను. వృద్ధాప్యమున నామెను చూచినవారు ఆమెయందు బుద్ధిమాంద్యము కానరాలేదనిరి. ఇట్టి చికిత్స ఆ దేశమున అఱువదివేల మందికి పైగా జరిగినది. కొలత తప్పినయెడల వస్త్రము పాడైనచో మఱియొకటి కొనవచ్చును; జీవితము పాడైనచో తిరిగి రాదు.

5. ప్రశ్నలో దాగియున్న పాఠశాల

పరీక్షలో భాషను తొలగించి బొమ్మలే యుంచినచో న్యాయము చేకూఱునా? రష్యా పండితుడు అలెగ్జాండర్ లూరియా 1931–32లో ఉజ్బెకిస్తానమునకు పోయి చదువురాని కర్షకులతో సంభాషించెను. సుత్తి, ఱంపము, గొడ్డలి, దుంగ యను నాలుగింటిలో చేరనిదేది యని యడిగెను. దుంగ చేరదు, తక్కినవి పనిముట్లు గదా యని చదివినవాడనును. కర్షకుడు నాలుగును కావలసినవే యనెను. దుంగ లేనిచో ఱంపమునకు పనియేమి? మంచుకురియు ఉత్తరదేశమున ఎలుగులన్నియు తెల్లనివి. ఫలానా చోటు ఉత్తరమున నున్నది. అచటి ఎలుగుల రంగేమి యని యడిగెను. నేనచటికి పోలేదు, చూడనిదానిని చెప్పజాలను అనునదే సమాధానము. కొద్ది కాలము బడికి పోయినవారు మాత్రము తడుముకొనక చెప్పిరి. కర్షకుని మాటలో తెలివిలేమి యెచ్చటను లేదు. జాగ్రత్త యున్నది, అనుభవమున్నది. అతనికి లేనిది పాఠశాల నేర్పు ఆలోచనా పద్ధతి. బుద్ధిపరీక్షలలో మెండుగా కొలువబడునది యా పద్ధతియే.

దీనికి మఱియొక నిదర్శనము కలదు. అమెరికాలో 1932నుండి 1978వఱకు ప్రజ్ఞాలబ్ధి సగటు సుమారు 14 అంకెలు పెరిగినదని జేమ్స్ ఫ్లిన్ 1984లో చూపెను. 1987లో పదునాలుగు దేశములలో నిట్టి పెరుగుదలనే కనుగొనెను. అనగా తాతలను నేటి కొలతతో కొలిచినచో వారిలో ననేకులు మందబుద్ధులని తేలుదురు. ఇది యసంగతము. తాతలు సేద్యము చేసిరి, వర్తకము చేసిరి, గ్రంథములు వ్రాసిరి. మాఱినది మెదడు కాదు. విద్య, ఆహారము, ఆరోగ్యము, మనస్సునకు కలుగు అభ్యాసము మాఱినవి. ఒక్క సంవత్సరపు చదువు ప్రజ్ఞాలబ్ధిని ఒకటినుండి అయిదంకెల వఱకు పెంచునని 2018లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది.

మన పొరుగున తమిళనాడులో చెఱకు పండించు 464 మంది రైతులను కోతకు ముందును పిమ్మటను పరీక్షించిన వృత్తాంతము 2013లో వెలువడెను. చేత డబ్బులేక అప్పులతో సతమతమగు కోతకు ముందు దినములలో వారికి తక్కువ మార్కులు వచ్చినవి. పంట సొమ్ము చేతికి వచ్చిన పిదప వారికే ఎక్కువ వచ్చినవి. రైతు ఒక్కడే, మాఱినది మనోవ్యాకులత. ఆకలితోను, ఇంటి చింతతోను బడికి వచ్చు విద్యార్థి విషయమున నుపాధ్యాయులును తోటివారును దీనిని స్మరింపవలయును.

ఈ చిక్కుల నెఱిగియే మన దేశమున పరీక్షలను దేశభాషలకు తగినట్లు మార్చు యత్నములు జరిగినవి. హెర్బర్ట్ రైసు హిందూస్థానీ భాషలో తయారుచేసిన పరీక్ష 1929లో వెలువడెను. ధార్వాడమున కామత్ పండితుడు బినే పరీక్షను కన్నడ మరాఠీ బాలుర కనుగుణముగా మార్చి 1940లో గ్రంథముగా ప్రకటించెను. ప్రశ్నను భాషాంతరీకరించుట చాలదు. ఆ దేశపు పిల్లవాడు చూచు ప్రపంచమునుండి దానిని తిరిగి పుట్టింపవలయును.

6. మేధావుల సంఘములు

ఇక పరీక్షలలో నగ్రగణ్యుల సంఘములను గూర్చి కొంచెము చెప్పుదము. 1946లో ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డ్ నగరమున రోలాండ్ బెరిల్, లాన్సెలాట్ వేర్ అను నిరువురు మెన్సా యను సంఘమును స్థాపించిరి. లాటిను భాషలో మెన్సా యనగా బల్ల. అందఱు సమానులుగా కూర్చుండు గుండ్రని బల్ల యను భావము. జాతి, మతము, ధనము అడుగరు. అంగీకృతమైన పరీక్షలో నూటికి ఇద్దఱిలో నొకడై యుండిన చాలును. నేడు లక్షకు మించిన సభ్యులు దేశదేశముల నున్నారు.

ఈ ఇద్దఱు యను లెక్కను మనము చేసి చూతము. అయిదువందల మంది గల పాఠశాలలో పదిమంది. పదిలక్షలు గల నగరములో ఇరువదివేలమంది. నూట నలువది కోట్ల భారతదేశమున రెండుకోట్ల యెనుబది లక్షలు. ఇది గౌరవముగాని యద్భుతము కాదు. మఱియు అర్హతకు కావలసిన అంకె వెక్స్‌లర్ కొలతలో 130, కాటెల్ పేరిట గల వేఱొక కొలతలో 148. స్థానమొక్కటే, అంకెలు వేఱు. కావున ఏ పరీక్షయో చెప్పక సంఖ్యను మాత్రము చెప్పుకొనువాని మాటకు విలువ లేదు. వేయికి ఒకడు కావలెనను సంఘమును, పదిలక్షలకు ఒకడు కావలెనను మెగా సంఘమును తరువాత పుట్టినవి. కాని ప్రసిద్ధమైన వెక్స్‌లర్ పరీక్షకు నాలుగవ కూర్పున ప్రమాణములు నిర్ణయించుటకు పరీక్షింపబడినవారు 2,200 మంది. రెండువేలమందిని చూచి పదిలక్షలలో నొకనిని వేఱుచేయుట, అడుగుబద్దతో వెంట్రుక మందమును కొలుచుట వంటిది.

మెన్సాకు 1960లో గౌరవాధ్యక్షుడైన సిరిల్ బర్ట్ కథయు జ్ఞాపకముంచుకొనదగినది. వేర్వేఱు ఇండ్లలో పెరిగిన కవలలను గూర్చి యతడు ప్రకటించిన సహసంబంధము, కవలల జంటలు 21 నుండి 53కు పెరిగినను 0.771గానే నిలిచినది. ఇది సంభవింపదగినది కాదని 1974లో లియోన్ కామిన్ చూపెను. అతడు మరణించిన పిదప నా లెక్కలు నమ్మదగినవి కావని తేలెను. మేధ యున్నచోట సత్యసంధత యుండితీఱునని పరీక్ష చెప్పజాలదు. ఐనను మెన్సా వంటి సంఘములన్నియు గర్వమునకే యని నిందించుటయు న్యాయము కాదు. మన దేశమునందలి మెన్సా శాఖలు పేద పిల్లలలోను గిరిజన బాలలలోను ప్రతిభగలవారిని వెదకి వారి చదువునకు తోడ్పడు పనిని చేపట్టినవి. ఇది బినే యాశయమునకు దగ్గఱగా నున్నది.

7. అట్లయిన నవి వ్యర్థములా?

వ్యర్థములు కావు. పదములతో, అంకెలతో, ఆకృతులతో వేగముగాను క్రమముగాను ఆలోచించు నేర్పును అవి చక్కగానే కొలుచును. ఒక విధమగు ప్రశ్నలలో నెక్కువ మార్కులు పొందినవాడు వేఱు విధములలోను సాధారణముగా నెక్కువ పొందునని చార్లెస్ స్పియర్‌మన్ 1904లోనే చూపెను. అది నేటికిని నిలిచియున్న సత్యము. పాఠశాల మార్కులతో నీ పరీక్షలకు గల సహసంబంధము సుమారు 0.5. దీని వర్గము 0.25. అనగా విద్యార్థుల మార్కులలోని వ్యత్యాసములో నాలుగవ పాలును మాత్రమే పరీక్ష వివరించుచున్నది. మిగిలిన మూడు పాళ్లలో శ్రద్ధ, ఓర్పు, ఆరోగ్యము, ఇంటి స్థితి, గురువు బోధన, ఇంకను ననేక కారణములు కలవు.

టెర్మన్ 1921లో మొదలుపెట్టి పదునైదువందలకు పైగా ఉన్నత ప్రజ్ఞాలబ్ధి గల పిల్లలను ఎన్నుకొని వారి జీవితములను పరిశీలించెను. వారిలో ననేకులు మంచి యుద్యోగములలో నుండిరి. కాని నోబెల్ బహుమానము పొందినవా డొక్కడును లేడు. పరీక్షలో తగినన్ని మార్కులు రానందున విడువబడిన పిల్లలలో నిరువురు, విలియం షాక్లీ 1956లోను, లూయీ ఆల్వరెజ్ 1968లోను, భౌతికశాస్త్రమున నా బహుమానము నందిరి. జల్లెడలో నిలిచినది మంచిదే, జాఱిపోయినదానిలోను రత్నములుండెను.

విద్యార్థులారా! నేడు బుద్ధిపరీక్షలు వైద్యులకును ఉపాధ్యాయులకును ఉపయోగపడుచున్నవి. పాఠమందుకొనలేని పిల్లవాని కష్టమెచ్చటనున్నదో కనుగొని తగిన సహాయము చేయుటకు శిక్షణ పొందినవారు వానిని వాడినపుడు మేలు కలుగును. జ్వరమాపకము చూచి మందిత్తుము గాని రోగిని వెలివేయము. మీకు వచ్చిన యంకె యెక్కువైనచో అది ఋణమని తలంచి, ఆ శక్తిని పదిమందికి వినియోగింపుడు. తక్కువైనచో అది యొక దినమున, ఒక కాగితముమీద, కొన్ని ప్రశ్నలకు వచ్చిన ఫలితమని గ్రహించి, అభ్యాసమును విడువకుడు. మీ ప్రక్కను కూర్చున్న సహపాఠిని మొద్దు అని పిలుచుటకు ముందు కారీ బక్ బిడ్డను స్మరింపుడు. ఆ బిడ్డను తెలివిలేనిదన్నవారు పెద్ద చదువులు చదివినవారే. గౌరవపట్టికలో నా బిడ్డ పేరు వ్రాసినది యామెకు దినదినమును చదువు చెప్పిన పాఠశాల.